మొదటి బోర్డు వెనక కుర్చీ

మార్చి 2, సోమవారం

మా ఆవిడ చదరంగ సమాఖ్యకి ఉత్తరం పంపేసింది. నాకు చూపించి మరీ పంపింది. దేశం జట్టుకి ఆడటం గౌరవమే కానీ ఆట తన వృత్తి అనీ, పారితోషికం ఇవ్వకపోతే ఈసారి జట్టులో ఉండననీ రాసింది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదన్నాను. నిజంగానే మార్చక్కర్లేదు.

ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ జట్టులో అందరికంటే గట్టివాళ్ళు ఆడే మొదటి బోర్డు మీద కూర్చోబెట్టి వాళ్ళు ఇచ్చిందేమిటి? టిక్కెట్టు, హోటల్లో ఇద్దరికి కలిపి ఒక గది, ఒక ట్రాక్‌సూటు. ఆ ట్రాక్‌సూటైనా ఎప్పుడూ ఒంటికి సరిపోయింది లేదు. అత్తయ్య వాటిని కత్తిరించి ఇల్లు తుడిచే గుడ్డలు చేసింది. చాలాసార్లు అవే రోజుల్లో బయటి క్లబ్బులు డబ్బిచ్చి ఆడమని పిలుస్తాయి. అది వదులుకుని ఇక్కడ ఊరికే ఆడాలి. ఆడినన్నాళ్ళు ఆడింది, ఇప్పుడు ఆడనంటోంది. ఇందులో తప్పేముంది?

నేను ఎవరి పక్షమూ కాదు. అది తన పని, తన ఇష్టం. నేను తనకి ఓపెనింగులు, అంటే ఆట మొదటి ఎత్తులు, చూసిపెట్టేవాణ్ణి, వంట చేసేవాణ్ణి. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను, అంతే.

మార్చి 4

గడ్డం ఫోన్ చేశాడు. ఆడవాళ్ళ జట్టుని నడిపించే కెప్టెన్ అయ్యాక కూడా వాడు నాకు గడ్డమే. కుర్రాళ్ళప్పుడు ఇద్దరం ఒకసారి దేశం జట్టులో కలిసి వెళ్ళాం. వాడు మూడో బోర్డు, నేను రిజర్వు. మాకెవరికీ మీసమైనా సరిగ్గా రాని రోజుల్లోనే వాడు గడ్డం గీసుకోలేక చచ్చేవాడు.

మా ఆవిడతో మాట్లాడే ధైర్యం లేక నాతో మొదలుపెట్టాడు. నువ్వు చెబితే వింటుంది అన్నాడు. నేను చెబితే వినే మనిషైతే నాకు ఇన్ని తెల్లవెంట్రుకలు ఎందుకొస్తాయన్నాను. కాసేపు నవ్వి, తర్వాత మెల్లగా అన్నాడు.

"ఒరే, ఏడాది పొడుగునా ఒంటరిగా తిరుగుతాం. ఒంటరిగా గెలుస్తాం, ఓడిపోతే ఒంటరిగా గదికెళ్ళి తలుపేసుకుంటాం. ఆ రెండు వారాలేరా పక్క కుర్చీలో మనవాళ్ళుండేది. దానికి కూడా రేటు కడితే ఇంకేం మిగుల్తుంది?"

 ఆ ఒక్కసారి నన్ను ఒక్క గేమే ఆడనిచ్చారు, అదీ ఓడిపోయాను, అయినా వాళ్ళు నలుగురూ నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని భోజనం చేశారు. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు పడ్డానో గుర్తు లేదు. ఆ మాట వాడితో అంటానా? హాల్లో బల్లలు వేసేవాడికి కూలిస్తారు, తీర్పరిగా ఉండే ఆర్బిటర్‌కి ఇస్తారు, మైకు పెట్టేవాడికి ఇస్తారు, జనం ఎవర్ని చూడ్డానికి వస్తారో వాళ్ళకే ఎందుకివ్వరు అని మా ఆవిడ మాటలే వాడికి అప్పజెప్పాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

మార్చి 5

అత్తయ్య నర్సుగా చేసి రిటైరైంది. ఈ గొడవలో ఆవిడ ఏ పక్షమో ఆ దేవుడికే తెలియాలి. కూతురితో "వెళ్ళొచ్చు కదే, నలుగురూ నాలుగు మాటలంటున్నారు" అంటుంది. తను అటు తిరగ్గానే నాతో "నాకు నెలనెలా జీతమిచ్చేవారు బాబూ, అలాగని రోగుల మీద ప్రేమ తగ్గిందా?" అంటుంది.

ఇవాళ మళ్ళీ నా బల్ల తుడిచింది. పావులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు. పైకి కసురుకుంటాను గానీ, కసురుకునే మొహం నాకు లేదు. మేం దుమ్ము ఎత్తు అని పేరు పెట్టుకున్న ఎత్తు ఆవిడ చలవే కదా. రెండేళ్ళ కిందట ఇలాగే బల్ల తుడిచి, అంచున ఉన్న నల్లబంటుని పొరపాటున ఒక గడి ముందు పెట్టి వెళ్ళిపోయింది. తిట్టుకుంటూ వెనక్కి పెట్టబోయి ఆగిపోయాను. ఆ బంటు అక్కడుంటే అవతలి గుర్రానికి దారే లేదు. ప్రపంచంలో ఎవరూ ఆడని ఎత్తు. దాని మీద రెండు చలికాలాలు పనిచేశాను. మా ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఒకసారి ఆడితే మర్నాటికల్లా అందరూ విరుగుడు కనిపెట్టేస్తారు, కాబట్టి మంచి సమయం కోసం దాచి ఉంచాం. వచ్చే క్లబ్బుల లీగ్‌లో తీద్దామంది.

మార్చి 7

టీవీ అమ్మాయి ఇంటికొచ్చింది. ముందుగదిలో తనూ, కెమెరా. వంటింట్లో నేనూ, ఉల్లిపాయలూ.

దేశం కోసం ఆడటానికి డబ్బు అడగడం బాగుందా అని అడిగింది. తను కోపం తెచ్చుకోకుండా చెప్పింది. "ఇష్టంగా చేస్తాం కాబట్టి ఊరికే చెయ్యమంటున్నారు. ఇష్టాన్ని అడ్డం పెట్టుకుని పని చేయించుకోవడం నాకు నచ్చదు. ఎవరిచేతైనా సరే."

చివర్లో ఆ అమ్మాయి మీ కోచ్ ఎవరని అడిగింది. మా ఆయనే అంది తను. "అదృష్టవంతులండీ, కోచ్ ఖర్చు కలిసొచ్చింది" అందా అమ్మాయి. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. వంటింట్లో నేనూ నవ్వాను.

బాగా మాట్లాడింది.

మార్చి 8

బాగా మాట్లాడిందని రాశాను కదా. టీవీలో మళ్ళీ చూశాను. బాగానే మాట్లాడింది.

నాకేం బాధ లేదు. మా ఇంట్లో డబ్బంతా ఒకేచోట ఉంటుంది, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటాం. నేను చెప్పులు కొనుక్కోవాలన్నా ఎవర్నీ అడగక్కర్లేదు.

అడగక్కర్లేదు గానీ, పోయినసారి చెప్పులు కొనేముందు తనతో ఎందుకు చెప్పానో.

మార్చి 9

ఈ ఉదయం తన సాధన కోసం ఎత్తుల ఫైలు తయారుచెయ్యలేదు. రోజూ తను లేచేసరికి టీ, టీ పక్కన ఫైలు ఉండాలి. కంప్యూటర్ మొరాయించిందని చెప్పాను. నా కంప్యూటర్ ఇంతవరకు ఒక్కసారి కూడా మొరాయించలేదు. తను నా నుదుటి మీద చెయ్యేసి చూసి, పోనీలే, ఒకరోజు రెస్ట్ తీసుకో అంది.

సమ్మె కడితే యజమాని సెలవిచ్చినట్టయింది నా పని. మధ్యాహ్నానికి తోచక ఫైలు తయారుచేసి ఇచ్చేశాను.

మార్చి 10

గడ్డం మళ్ళీ ఫోన్. ఈసారి మా ఆవిడ గురించి కాదు, నా గురించి. జట్టుకి కోచ్‌గా రమ్మన్నాడు. జీతం ఇస్తారట. నేను సరిగ్గా విన్నానా అని మళ్ళీ చెప్పించుకున్నాను. ఆటగాళ్ళకి డబ్బివ్వకూడదని సమాఖ్యకి ఎప్పటిదో నియమం ఉంది. కోచ్‌కి ఇవ్వకూడదని నియమం లేదు. ఎవరో సిమెంటు కంపెనీవాళ్ళు శిక్షణ కోసమని ఇచ్చిన సొమ్ము అలాగే పడి ఉందట.

నన్ను లాగితే తనూ వస్తుందని ఎత్తు వేస్తున్నావా అని నిలదీశాను. మొదట అలాగే అనుకున్నాం అని ఒప్పుకున్నాడు, వాడు అబద్ధం ఆడలేడు. "కానీ ఆవిడ రాకపోయినా నువ్వు కావాల్రా. ఇన్నేళ్ళుగా ఆవిడ ఆడే ప్రతి ఓపెనింగులో నీ చెయ్యి నాకు కనబడుతూనే ఉంది" అన్నాడు.

నీ చెయ్యి కనబడుతోంది అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

మార్చి 11

తనకి చెప్పలేదు.

మార్చి 12

ఇవాళ చెబుదామనుకున్నాను. తనకి పంటి నొప్పి.

మార్చి 13

పంటి నొప్పి తగ్గింది. చెప్పలేదు.

చెప్పడానికేముంది, నేనెలాగూ వెళ్ళను కదా. నా పెళ్ళానికి ఇవ్వనివాళ్ళ దగ్గర నేను చెయ్యి చాపుతానా? అయితే వెంటనే వద్దని గడ్డంతో చెప్పేయొచ్చు. రేపు చెబుతాను.

మార్చి 14

గడ్డం ఇంటికే ఫోన్ చేశాడు. తనే తీసింది. "చెల్లెమ్మా, వాడేం అనుకుంటున్నాడు?" అన్నాట్ట ఆ తెలివితక్కువ దద్దమ్మ.

నేను కూరగాయల సంచీతో లోపలికొచ్చేసరికి తను బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఓడిపోబోయే స్థితిలో ఎలా కూర్చుంటుందో అలా, రెండు చేతులూ చెంపలకి ఆనించి.

"నాకివ్వనివాళ్ళు నీకిస్తామన్నారా?"

అవునన్నాను.

"ఎంత?"

"అడగలేదు."

అప్పుడొచ్చింది అసలు కోపం. నాలుగు రోజులు దాచినందుకు అంత రాలేదు. "అడగలేదా? నేను ఊరందరితో తిట్లు తింటున్నది దేనికి? పని చేసేవాడు జీతం ఎంతో అడగాలని కాదూ? అది నా ఇంట్లోనే తెలీదా?" అంటూ లేచి నిలబడింది. అత్తయ్య తలుపు దగ్గరికొచ్చి, మా ఇద్దర్నీ చూసి, వచ్చినదారినే వెళ్ళిపోయింది.

కాసేపయ్యాక వెళ్ళాలని ఉందా అని అడిగింది. పాపం గడ్డం ఇబ్బందుల్లో ఉన్నాడు, అందుకని అన్నాను. గడ్డం సంగతి అడగలేదంది. అప్పుడు, వెళ్ళాలనే ఉంది అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

తను సంచీలోంచి కూరగాయలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ళలో తను సంచీ సర్దడం నేను చూడలేదు. టమాటాల మీద బంగాళాదుంపలు పెట్టింది.

మార్చి 15

తనే గడ్డానికి ఫోన్ చేసింది. నా ఎదురుగానే. నా తరఫున బేరం ఆడింది. తన కోసం ఉత్తరం రాసినప్పుడు నాలుగు రోజులు చింపి, మళ్ళీ రాసి, మళ్ళీ చింపింది. నా కోసం మాట్లాడుతుంటే తడబాటే లేదు. నేను చేసే పనులన్నీ వరసగా చెప్పింది. ఏ ఓపెనింగు ఎప్పుడు బాగుచేశానో, ఏ గేము ముందు ఏం చెప్పానో, అన్నీ. ఇవన్నీ తనకి గుర్తున్నాయని నాకు తెలీదు. నేను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. మనిషి తన గురించి మంచి మాటలు వింటున్నప్పుడు ఎటు చూడాలో ఎవరూ నేర్పరు.

ఫోన్ పెట్టేసి, వెళ్ళు అంది. "ఒక్కటి మాత్రం. దుమ్ము ఎత్తు వాళ్ళకి ఇవ్వకు. అది నా లీగ్‌కి."

ఒప్పుకున్నాను.

మార్చి 22

పేపర్లో వేశారు. డబ్బు కావాలన్న భార్య ఇంట్లో, దేశం కావాలన్న భర్త జట్టులో అట. నేను దేశం కావాలని ఎవరితో అన్నాను? జీతం తీసుకుని వెళ్తున్నది నేను. ఊరికే వెళ్ళనన్నది తను. మా ఇద్దరిదీ ఒకటే మాట అయితే ఒకరిని ఎత్తి ఇంకొకరిని దించుతారా?

తనకేమీ అనిపించలేదంది. ఏమీ అనిపించనప్పుడు మనుషులు పేపర్ని అన్ని మడతలు పెట్టరు.

ఏప్రిల్ 3

దేశాల జట్ల పోటీలకి బయల్దేరాను. తను విమానాశ్రయానికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, గడియారం నొక్కడం మర్చిపోకు అంది. ఎత్తు వేయగానే గడియారం నొక్కే రోజులు నాకు ఎప్పుడో పోయాయని తనకి తెలుసు. ఇంకేదో అనబోయి అది అంది. అత్తయ్య మాత్రం దారిలో తినమని సంచీ ఇచ్చి, "అమ్మాయి సంగతి నేను చూసుకుంటాను, మీరు దిగులు పెట్టుకోకండి" అంది. విమానంలో దిగులు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 5

పరువు పోయింది. గడ్డం మీటింగులో ఉన్నాడని జట్టు పేర్ల కాగితం నన్ను ఇచ్చి రమ్మన్నారు. రాసి ఇచ్చాను. ఆర్బిటర్ చూసి, మొదటి బోర్డు దగ్గర రాసిన మనిషి ఈ జట్టులోనే లేదే అన్నాడు. తన పేరు రాసేశాను. చెయ్యి దానంతటదే రాసేసింది. గడువు దాటితే మొదటి బోర్డు ఆడకుండానే పోయేది. కొట్టేసి, తన బదులు మొదటి బోర్డు ఆడుతున్న బ్యాంకమ్మాయి పేరు రాశాను. ఆ అమ్మాయి పక్కనే ఉండి చూసింది. నాకు ఒక చాక్లెట్ ఇచ్చింది.

ఏప్రిల్ 9

వరసగా రెండు మ్యాచ్‌లు పోయాయి. బ్యాంకమ్మాయి రెండో బోర్డు మనిషి. మొదటి బోర్డు మీద ఆ గాలికి ఒక్కసారిగా నిలబడటం కష్టమే. బ్యాంకులో పనిచేస్తుంది, సెలవు పెట్టి ఆడుతుంది. భోజనాల దగ్గర జీతం మాట ఆ అమ్మాయే ఎత్తింది. "బావగారూ, నాకు ఈ రెండు వారాలకీ బ్యాంకువాళ్ళు జీతం కొయ్యరు. నేను ఊరికే ఆడుతున్నట్టు కాదు. నన్ను చూపించి అక్కని తిడుతుంటే ముద్ద దిగడంలేదు" అంది.

ఇవాళ నాకు మొదటి జీతం కవర్ ఇచ్చారు. విప్పి చూడలేదు. కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మధ్యమధ్యలో తడిమి చూసుకుంటున్నాను. సిగ్గుగానూ ఉంది, బాగానూ ఉంది.

నలుగురూ ఆడుతున్నప్పుడు మొదటి బోర్డు వెనక కుర్చీలో కూర్చుంటాను. ఎదురుగా ఒక వీపు. ఇన్నేళ్ళూ చూసిన వీపు కాదు. తను ఆలోచిస్తున్నప్పుడు ఎడమ భుజం కొంచెం పైకి లేస్తుంది. ఈ అమ్మాయికి ఏమీ లేవదు.

ఏప్రిల్ 11

గెలిచాం. రాత్రి భోజనానికి ఐదుగురూ నన్నూ గడ్డాన్నీ మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. వాడన్న మాట నిజమే. ఇదొక్కటీ ఎవరూ కొనలేరు. కానీ కొనలేనిది ఒకటి ఉందని చెప్పి, కొనాల్సినవి కూడా ఊరికే తీసుకోవడం ఎందుకు? ఆ మాట గడ్డంతో అన్నాను. వాడు గడ్డం గోక్కున్నాడు. నేనేం చెయ్యనురా, నాకూ అంతంతమాత్రమే ఇస్తారన్నాడు.

ఏప్రిల్ 13

రేపు ఆఖరి మ్యాచ్. గెలిస్తే, డ్రా అయినా సరే, వచ్చే ఏడు పై వరసలో ఉంటాం. ఓడితే కిందికి దిగిపోతాం, మళ్ళీ ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది. బ్యాంకమ్మాయికి నల్లపావులు. అవతలమ్మాయి ఎప్పుడూ ఆడే ఓపెనింగు చూశాను. చూసి కంప్యూటర్ మూసేశాను.

దుమ్ము ఎత్తు సరిగ్గా అందులోదే.

మాట ఇచ్చాను. ఇవ్వను. అయితే వీళ్ళ దగ్గర జీతం తీసుకుంటున్నాను. నాకు తెలిసిన మందు జేబులో పెట్టుకుని రోగి పక్కన కూర్చున్నట్టుంది. మొగుడిగా కనుక్కున్న ఎత్తుని కోచ్‌గా వాడొచ్చా? జీతం ఇచ్చిన రోజు నుంచి నాకు తెలిసిందంతా వీళ్ళదేనా, లేక జీతం ఇవ్వని రోజుల్లో తెలుసుకున్నది మాత్రం ఇంటిదా?

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. రేపటి జోడీలు చూశావా అన్నాను. చూశానంది. తర్వాత వాతావరణం గురించి మాట్లాడాను. మా ఇద్దరికీ వాతావరణం గురించి మాట్లాడటం రాదు.

ఏప్రిల్ 14, ఉదయం

నేను గడ్డం గీసుకుంటుండగా ఫైలు వచ్చింది. తన దగ్గర్నుంచి. సగం మొహం సబ్బుతోనే తెరిచాను. అవతలమ్మాయి ఆడిన గేములన్నీ విప్పి, ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ సమయం తగలేస్తుందో రాసి ఉంది. రెండు రోజుల పని అది, ఒక్క రాత్రిలో చేసింది. మొట్టమొదట్లోనే దుమ్ము ఎత్తు. దాని కింద నేను రెండు చలికాలాలు చేసిన పని మొత్తం, ఒక్కటి కూడా వదలకుండా.

ఫోన్ చేశాను. అది నీ లీగ్‌కి కదా అన్నాను.

"నిన్న నువ్వు వానల గురించి మాట్లాడావు. అప్పుడే అనుకున్నాను. నీకు తెలిసింది దాచుకుని ఆ కుర్చీలో కూర్చోవడం నీ వల్ల కాదు. జీతం తీసుకుని సగం పని చేసేవాడి పెళ్ళాన్ని కాను నేను."

"మరి మిగతాదంతా? అవతలమ్మాయి గేములు? అది నిన్నెవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు."

"ఊరికే చేశావన్నమాట."

నోరు మూసుకుని వెళ్ళి ఆ అమ్మాయికి చూపించు అంది. ఫోన్ పెట్టేశాక మొహం చూసుకుంటే సబ్బు ఎండిపోయి ఉంది.

అదే రోజు, సాయంత్రం

అవతలమ్మాయి మూడో ఎత్తులోనే దారి మార్చేసింది. ఎప్పుడూ ఆడనిది ఆడింది. రెండు చలికాలాలు, ఒక రాత్రి, వెనక్కి తీసుకున్న ఒక మాట, అన్నీ కలిపి గంగపాలు. దుమ్ము ఎత్తు అలాగే ఉండిపోయింది, ఎవరూ చూడలేదు.

బ్యాంకమ్మాయి మొదట తెల్లబోయింది. తర్వాత సర్దుకుంది. అవతలమ్మాయి సమయం తగలేస్తుందని మా ఆవిడ రాసింది కదా, అది మాత్రం నిజమైంది. బ్యాంకమ్మాయి చెమటలు కక్కుకుంటూ ఆఖరి దాకా పట్టు వదల్లేదు. డ్రా. మ్యాచ్ కూడా డ్రా. దిగిపోలేదు. ఆ అమ్మాయి లేచి వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గడ్డం మమ్మల్ని చూసి తనూ మొదలుపెట్టాడు.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. ముందు అత్తయ్య తీసింది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు, కంప్యూటర్లో ఆట చూస్తూ కుర్చీలోంచి లేవలేదు, మీరే చెప్పండి బాబూ అని తనకి ఇచ్చింది.

తను అడిగింది. "చెయ్యి పెట్టడానికి లేదు, నోరు తెరవడానికి లేదు. ఊరికే చూస్తూ కూర్చోవాలి. ఇన్నేళ్ళూ నువ్వు ఇలాగే కూర్చున్నావా?"

"ఊఁ."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు గెలిచి బయటికొచ్చేదానివి. ఇక అదంతా గుర్తుండేది కాదు."

"ఓడిపోయినప్పుడో?"

"నీ మొహం చూస్తే నా సంగతి గుర్తుండేది కాదు."

అటువైపు నుంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడు. నేనూ హోటల్ గోడవైపు తిరిగి నిలబడ్డాను. దారినపోయేవాళ్ళు మేం ఓడిపోయామనుకుని ఉంటారు.

ఏప్రిల్ 16

ఇంటికొచ్చాను. కవర్లు రెండూ విప్పకుండానే తెచ్చి మా డబ్బుండే చోట పెట్టబోయాను. తను పెట్టనివ్వలేదు. మొదటి జీతం, వాటితో నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం అంది. నేను అత్తయ్యకి రేడియో కొన్నాను. నాకు చెప్పులు కొనుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 18

జట్టులో అయిదుగురూ కలిసి సమాఖ్యకి ఉత్తరం రాశారట. బ్యాంకమ్మాయి సంతకమే ముందు. అందులో మా ఆవిడ కూడా చెయ్యి కలిపింది. ఎంత చిన్నదైనా సరే, అది జీతమని పేరు పెట్టి, అందరికీ ఇస్తే వచ్చే ఏడు వస్తానంది. సమాఖ్యవాళ్ళు పరిశీలిస్తామన్నారు. గడ్డం మాత్రం నన్ను మళ్ళీ రమ్మంటున్నాడు.

ఏప్రిల్ 19

పొద్దున్నే టీ తీసుకెళ్తే, కూర్చో అంది. నాకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. జుట్టు దువ్వుకుని ఉంది. ఇంట్లో ఆ వేళప్పుడు తను జుట్టు దువ్వుకోదు.

గడ్డం మళ్ళీ పిలిచాడట కదా అంది. అవునన్నాను.

"నేనూ పిలుస్తున్నాను. లీగ్ మొదలవుతోంది. నాకు కోచ్ కావాలి. ఎంత తీసుకుంటావు?"

నవ్వాను. తను నవ్వలేదు. ఈ ఇంట్లో డబ్బు ఈ ఇంట్లోనే తిరుగుతుంది కదా, ఎందుకీ నాటకం అన్నాను. నాటకం కాదంది. "ఆ టీవీ అమ్మాయి ఖర్చు కలిసొచ్చిందన్నప్పుడు నేనూ నవ్వాను. తర్వాత టీవీలో నా నవ్వు చూసుకున్నాను. నువ్వూ చూశావని నాకు తెలుసు. అప్పట్నుంచీ నీ మొహంలోకి సూటిగా చూడలేకపోతున్నాను. చెప్పు, ఎంత?"

నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ కూర్చునే ఉన్నాను. ఎవరో ఒకరు ఈ మాట అడగాలని ఎన్నాళ్ళుగా ఉందో నాకు, ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. నాకేం బాధ లేదని మాత్రం రాసుకున్నాను.

ఒక అంకె చెప్పాను.

తను కాసేపు ఆలోచించింది. నేను చూస్తూ ఉన్నాను, ఎడమ భుజం కొంచెం పైకి లేచింది.

"గడ్డం ఇచ్చినదానికంటే తక్కువ చెప్పావు."

"తెలిసినవాళ్ళు కదా అని తగ్గించాను."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఎంతకీ తియ్యలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. అత్తయ్య తొంగిచూసి, ఈసారి వెళ్ళిపోకుండా టీ గ్లాసు పట్టుకెళ్ళి వేడిచేసి తెచ్చింది.

పనిలోకి ఎప్పుడు రమ్మంటావని అడిగాను. రేపే, ఆరింటికి అంది. నేను రోజూ లేచేది అంతకంటే ముందే. ఇన్నేళ్ళలో నన్ను లేపడానికి గడియారం అవసరమే రాలేదు. అయినా ఇవాళ అలారం పెట్టుకున్నాను.